పాత కార్పెట్ ముళ్ల పట్టీలు ఎలా తీయాలి? నేల పెచ్చులూడకుండా, చేతులు చీరుకోకుండా

"కార్పెట్ తీసేశాం. గోడల వెంట ముళ్ల పట్టీలు మిగిలాయి. వీటినేం చేయాలి?" కొత్త ఫ్లోరింగ్ వేసుకోబోయేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. పని మొదలుపెట్టిన మర్నాడు అదే మనిషి దగ్గర్నుంచి ఇంకో ప్రశ్న వస్తుంది: "పట్టీ లేపితే దాంతోపాటు గచ్చు కూడా పెచ్చు లేచి వచ్చింది, ఇప్పుడెలా?" ఆ రెండో ప్రశ్న అడగాల్సిన అవసరం మీకు రాకూడదని ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క మాట పట్టుకోండి. మీరు పీకేది పట్టీని కాదు, మేకుల్ని. పట్టీ అంటే ఉత్త ప్లైవుడ్ ముక్క. సుమారు ఒక అంగుళం వెడల్పు, పావు అంగుళం మందం, నాలుగడుగుల పొడవు ఉంటుంది. దాని మీద రెండు మూడు వరసల్లో గోడ వైపు వాలిన సన్నని ముళ్లు ఉంటాయి. కార్పెట్‌ను బిగువుగా లాగి పట్టుకునేవి ఆ ముళ్లే. పట్టీని నేలకు పట్టి ఉంచేవి మాత్రం వేరే, అడుగుకు ఇంచుమించు రెండు చొప్పున దిగ్గొట్టిన మేకులు. పలుగు మొన ఎప్పుడూ ఆ మేకు దగ్గరే దూరాలి. మధ్యలో పెట్టి ఎత్తితే పట్టీ విరుగుతుంది, మేకు ఉన్నచోటే ఉంటుంది.

నేను మొదటిసారి చేసింది అచ్చంగా ఆ తప్పే. నాలుగడుగుల పట్టీ కదా, మధ్యలో పట్టుకుని ఎత్తితే మొత్తం ఒకేసారి వస్తుందనుకున్నాను. ఫట్‌మని విరిగింది, సగం ముక్క ఎగిరి తలుపుకు తగిలింది. కళ్లద్దాలు పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

అసలు తీయాల్సిన అవసరం ఉందా?

మళ్లీ కార్పెట్టే వేస్తుంటే అన్నీ తీయనక్కర్లేదు. గట్టిగా ఉన్న పట్టీలను ఉంచేసి, తుప్పు పట్టినవి, చెక్క మెత్తబడినవి, పెంపుడు జంతువుల మూత్రంతో నల్లబడి వాసన వస్తున్నవి, ముళ్లు వంగిపోయినవి మాత్రం మార్చుకుంటే చాలు. కానీ కొత్త కార్పెట్ మందం పాతదానికంటే బాగా తేడాగా ఉంటే గోడకూ పట్టీకీ మధ్య ఉన్న సందు సరిపోదు. కార్పెట్ అంచును మడిచి దోపేది ఆ సందులోకే. అలాంటప్పుడు మార్చక తప్పదు.

టైల్స్, లామినేట్, వినైల్, చెక్క పలకలు, వీటిలో ఏది వేస్తున్నా అన్నీ తీయాల్సిందే. "పట్టీలు గోడ పక్కనే కదా ఉన్నాయి, వాటిని వదిలేసి మధ్యలో వేసుకుంటే కాదా?" అని అడుగుతుంటారు. కాదు. కొత్త ఫ్లోర్ గోడ దాకా వెళ్లాలి. పావు అంగుళం ఎత్తున్న పట్టీ మీదికి ఎక్కించిన పలక కింద గాలి మిగులుతుంది, నడిచినప్పుడల్లా ఊగుతుంది, కొన్నాళ్లకు క్లిక్ జాయింట్, అంటే పలకలు ఒకదానిలో ఒకటి ఇరుక్కునే అతుకు, విరుగుతుంది.

పలుగు పట్టుకునే ముందు

ఇల్లు 1980ల నాటిదో, అంతకంటే పాతదో అయితే కాస్త ఆగండి. కార్పెట్ కింద 9 అంగుళాల చదరపు పాత పలకలు కనిపించినా, నల్లటి తారులాంటి జిగురు కనిపించినా వాటిలో ఆస్బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజ పీచు) ఉండే అవకాశం ఉంది. చూసి తేల్చుకునే విషయం కాదిది, ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. ఫలితం వచ్చేదాకా వాటిని గీకొద్దు, పగలగొట్టొద్దు, శాండ్‌పేపర్ పెట్టొద్దు. పట్టీ మేకులు ఆ పలకల్లోంచే దిగి ఉంటే వాటిని పీకినా పలక పగులుతుంది, కాబట్టి ఆ పని తెలిసినవాళ్లకు అప్పగించడమే మేలు.

గచ్చు లోపల వేడి నీటి పైపులున్న ఫ్లోర్ హీటింగ్ ఉందేమో కూడా తెలుసుకోండి. ఉంటే పట్టీలు పీకవచ్చుగానీ, గచ్చులోకి డ్రిల్ దించడం, ఉలితో లోతుగా కొట్టడం వద్దు.

కావలసినవి

- బల్లపరుపుగా, పలచని మొన ఉన్న చిన్న పలుగు. దుకాణంలో ఫ్లాట్ ప్రై బార్ అని అడగండి. గుండ్రటి కడ్డీ ఉన్న పెద్ద పలుగు ఈ పనికి రాదు, దాని మొన పట్టీ కిందకు దూరదు.
- బరువైన సుత్తి. దానికి మేకులు పీకే కొమ్ములుంటే ఇంకా మంచిది.
- లాకింగ్ ప్లయర్ (ఒకసారి బిగిస్తే పట్టు వదలకుండా ఉండేది), మామూలు కటింగ్ ప్లయర్.
- వెడల్పాటి పుట్టీ బ్లేడు, అరచేయంత పలచని ప్లైవుడ్ ముక్క. ఒకటి గోడను, ఒకటి నేలను కాపాడతాయి.
- పాత స్క్రూడ్రైవర్. స్టేపుల్ పిన్నులు లేపడానికి. మంచిదాన్ని పాడుచేసుకోకండి.
- మందపాటి తోలు గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్కు, గట్టి అడుగున్న బూట్లు. రబ్బరు చెప్పులతో ఈ గదిలోకి అడుగు పెట్టొద్దు. ముల్లు చెప్పును గుచ్చుకుని కాలి దాకా వస్తుంది.
- గట్టి బకెట్టు లేదా అట్టపెట్టె, వెడల్పాటి టేపు.
- ఒక అయస్కాంతం. పాత స్పీకర్‌లోది ఉన్నా సరే.
- మోకాళ్ల కింద వేసుకోవడానికి ఏదైనా మెత్తటిది. కత్తిరించి తీసిన కార్పెట్ ముక్క చాలు.
- గచ్చు అయితే సిమెంట్ ఆధారిత ప్యాచింగ్ పొడి, చెక్క అయితే వుడ్ ఫిల్లర్.

సమయం ఎంత పడుతుందంటే, 12 అడుగుల చదరపు గది చుట్టుకొలత 48 అడుగులు. తలుపు దగ్గర కొంత తీసేసినా పదకొండు పన్నెండు పట్టీలు, వంద దగ్గర్లో మేకులు. చెక్క నేల అయితే గంటన్నరలో అయిపోతుంది. గచ్చు అయితే సగం రోజు అనుకోండి, గుంటలు పూడ్చి ఆరబెట్టడం దానికి అదనం.

పని మొదలు

1. కార్పెట్‌ను ముళ్ల నుంచి వదిలించండి. ఇంకా తీయకపోతే, ఒక మూల దగ్గర ప్లయర్‌తో అంచు పట్టుకుని పైకి లాగండి. చిటపటలాడుతూ ముళ్ల నుంచి ఊడి వస్తుంది. వెనక్కి మడిచి, వీపు వైపు నుంచి మూడడుగుల వెడల్పు ముక్కలుగా కోసి చుట్టేయండి. ఒకే ముక్కగా మోయాలనుకోవద్దు. రెండు మూడు పొడుగాటి ముక్కలు విడిగా పెట్టుకోండి, పని ఉంది.

2. అండర్‌లే, పిన్నులు. కింద ఉన్న స్పాంజి షీటు తీశాక చెక్క నేల మీద స్టేపుల్ పిన్నులు మిగులుతాయి. వాటిని ఇప్పుడే తీసేయకుండా పట్టీల పని అయ్యేదాకా వదిలేయండి. ఎలాగూ చివర్లో నేలంతా ఒకసారి పాకాల్సిందే, అదేదో ఒక్కసారే చేసుకోవచ్చు. గచ్చుకు జిగురుతో అతికి ఉంటే పొడవాటి పిడి ఉన్న స్క్రాపర్ వాడండి. పైన చెప్పిన నల్ల జిగురు కాకపోతేనే సుమా.

3. ముళ్లను కప్పేయండి. చాలామంది వదిలేసే పని ఇది. విడిగా పెట్టిన కార్పెట్ ముక్కలను బోర్లా పడుకోబెట్టి, మీరు ఇంకా చేరుకోని గోడల వెంట పట్టీల మీద పరచండి. ఒక గోడ మీద పనిచేస్తుంటే వెనక గోడ పట్టీ మీద మడమ పడే ప్రమాదం తప్పుతుంది. ఇంట్లో పిల్లలు, కుక్క, పిల్లి ఉంటే తలుపు మూసే ఉంచండి.

అలాగే గోడకూ పట్టీకీ మధ్య సందులో టార్చి వేసి చూడండి. టీవీ తీగ, ఫోన్ తీగ ఆ సందులోంచే లాగి కార్పెట్ కింద దాచేయడం మామూలే. పలుగు మొన వాటి మీద పడితే అంతే సంగతులు.

4. మొదటి పట్టీ, మొదటి మేకు. మూలలో రెండు పట్టీలు కలిసే చోట మొదలుపెట్టండి, అక్కడ చివర తెరిచి ఉంటుంది. పట్టీ మీద మేకు తలలు వెతకండి. ముళ్ల మొనలు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, మేకు తలలు గుండ్రంగా, చదునుగా, కాస్త పెద్దవిగా కనిపిస్తాయి. మురికిలో తెలియకపోతే తడిగుడ్డతో కాదు, బ్రష్షుతో దులపండి. గుడ్డ ముళ్లకు చిక్కుకుంటుంది.

ఇప్పుడు పలుగు మొనను గది వైపు నుంచి, చివరి మేకుకు ఆనించినట్టుగా పట్టీ కిందకు పెట్టండి. పలుగు వెనక భాగం మీద సుత్తితో చిన్న దెబ్బలు వేయండి. మొన మేకును దాటి అర అంగుళం దూరితే చాలు. ఇంకా కొడితే అవతల స్కర్టింగ్‌కు తగిలి గాటు పడుతుంది. ఆ భయం ఉంటే పలుగు మొన నుంచి ఒక అంగుళం దూరంలో టేపు చుట్టుకోండి, టేపు పట్టీ దగ్గరకు రాగానే ఆపేయాలన్నమాట. స్కర్టింగ్ ముందు పుట్టీ బ్లేడు నిలబెడితే ఇంకా నిశ్చింత.

మొన దూరాక పలుగు పిడిని కిందికి నొక్కండి. ఒక్కసారిగా కాదు. కొంచెం నొక్కి, వదిలి, మళ్లీ నొక్కండి. చెక్క నేలలోంచి మేకు వచ్చేటప్పుడు కిర్రుమని సన్నటి చప్పుడొస్తుంది, అది మంచి చప్పుడు. చప్పుడేమీ లేకుండా పట్టీ మాత్రం వంగుతుంటే పలుగు మేకుకు దూరంగా ఉన్నట్టు. ఆపి, జరిపి, మళ్లీ పెట్టండి.

5. మేకు నుంచి మేకుకు నడవండి. మొదటి మేకు పావు అంగుళం లేవగానే అక్కడితో వదిలేసి రెండోదానికి వెళ్లండి. మొదటిదాన్ని పూర్తిగా పీకాకే రెండోది అనుకుంటే పట్టీ మధ్యలో విరుగుతుంది. ఇలా చివరిదాకా వెళ్లి వెనక్కి వస్తూ ఇంకోసారి ఎత్తితే పట్టీ మేకులతో సహా ఒకే ముక్కగా లేచి వస్తుంది. పాలిష్ చేసి అలాగే వాడుకోవాలనుకుంటున్న మంచి చెక్క నేల అయితే పలుగు మడమ కింద ప్లైవుడ్ ముక్క తప్పనిసరి. లేదంటే ప్రతి మేకు దగ్గరా ఒక నొక్కు పడి, కొత్త ఫ్లోర్‌కు బదులు నొక్కుల వరస తయారవుతుంది.

వచ్చిన పట్టీని చేతిలో పట్టుకుని తిప్పొద్దు. ముళ్లు ఒకవైపు, మేకు మొనలు రెండోవైపు ఉంటాయి. సరాసరి పెట్టెలోకి పోవాలి. పెట్టెలో పట్టకపోతే సుత్తితో కొట్టి రెండడుగుల ముక్కలు చేసి, రెండేసి ముక్కలను ముళ్లు ఎదురెదురుగా ఉండేలా పెట్టి టేపు చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో వేస్తే అది రెండు నిమిషాల్లో జల్లెడైపోతుంది, ఆ తర్వాత గాయమయ్యేది చెత్త ఎత్తేవాళ్లకు. పొయ్యిలో వేసి కాల్చే ఆలోచన కూడా వద్దు. ప్లైవుడ్‌లో జిగురు ఉంటుంది, మేకులు బూడిదలో మిగులుతాయి.

6. గచ్చు అయితే ఇక్కడ నెమ్మదించండి. సిమెంట్ నేలలోకి దిగ్గొట్టేవి గట్టిపరిచిన ఉక్కు మేకులు. అవి చెక్కలో మేకులా జారి రావు. పక్కకు ఒత్తిడి పడిందంటే తమ చుట్టూ ఉన్న సిమెంట్‌ను గరాటు ఆకారంలో పట్టుకుని లేస్తాయి. పెచ్చు లేవడం అంటే ఇదే. రూపాయి బిళ్లంత నుంచి అరచేయంత వరకూ ఊడుతుంది. పాత గచ్చు, పైన పలచగా వేసిన సిమెంట్ పూత అయితే ఇంకా ఎక్కువ.

దీన్ని పూర్తిగా ఆపలేం, బాగా తగ్గించవచ్చు. దారి ఏమిటంటే, చెక్కను, మేకును వేరు వేరుగా తీయడం. పలుగు మొనను మేకు పక్కన పట్టీ కింద పెట్టి, ఎత్తకుండా, సుత్తితో గట్టిగా రెండు దెబ్బలు వేయండి. మేకు చుట్టూ ప్లైవుడ్ పొరలుగా చీలుతుంది. ప్రతి మేకు దగ్గరా ఇలా చేస్తే చెక్క పేళ్లుగా ఊడిపోయి మేకులు ఒంటరిగా నిలబడతాయి. చూడటానికి పని రెట్టింపు అయినట్టుంటుంది. కానీ గుంటలు పూడ్చే పని సగానికి తగ్గుతుంది, ఆ లెక్క నాకు ఒక గది చేశాకే అర్థమైంది.

ఇప్పుడు లాకింగ్ ప్లయర్‌తో మేకును గట్టిగా బిగించి పట్టుకుని, పైకి లాగకుండా ముందు తిప్పండి. బోల్టు విప్పుతున్నట్టు అటూ ఇటూ పావు వంతు చొప్పున. సిమెంట్ పట్టు వదిలిన క్షణం చేతికి తెలుస్తుంది, మేకు నున్నగా తిరగడం మొదలవుతుంది. అప్పుడు నిటారుగా పైకి లాగండి.

తిరగకపోతే పట్టుదలకు పోవద్దు. పట్టుదలకు పోయినప్పుడే పెచ్చులూడతాయి. రెండు దారులున్నాయి. ఒకటి, యాంగిల్ గ్రైండర్‌తో మేకును నేల మట్టానికి కోసేయడం. నిప్పురవ్వలు ఎగురుతాయి, కార్పెట్ ముక్కలు, స్పాంజి, చెక్క పొట్టు దూరంగా జరపండి. సిమెంట్ ధూళి ఊపిరితిత్తులకు చేటు, ఎన్95 రకం మాస్కు లేకుండా గ్రైండర్ ఆన్ చేయొద్దు. రెండోది, సుత్తితో పక్క నుంచి కొట్టి విరగ్గొట్టడం. గట్టి ఉక్కు కాబట్టి వంగకుండా పుటుక్కున తెగుతుంది, కానీ ముక్క తూటాలా ఎగరొచ్చు. కళ్లద్దాలు ఉండాల్సిందే, గదిలో ఇంకెవరూ ఉండకూడదు. గ్రైండర్ ఉంటే నా ఓటు గ్రైండర్‌కే.

7. తలుపు దగ్గర లోహపు పట్టీ. రెండు గదుల మధ్య గుమ్మంలో అల్యూమినియం పట్టీ ఉంటుంది. స్క్రూలు కనిపిస్తే విప్పండి, మురికి నిండిపోయి ఉంటే స్క్రూ తలలోని గాడిని ముందు శుభ్రం చేయండి. స్క్రూలు లేకపోతే కార్పెట్‌ను పట్టుకోవడానికి మడిచిన అంచు కింద మేకులు దాగి ఉంటాయి. అంచును స్క్రూడ్రైవర్‌తో లేపి తెరిస్తే కనిపిస్తాయి. దాని అంచులు బ్లేడులా ఉంటాయి, గ్లౌజులు తీయకండి.

8. మెట్లు ఉంటే. ప్రతి మెట్టు లోపలి మూలలో రెండు పట్టీలుంటాయి, ఒకటి అడుగు పెట్టే పలక వెనక, ఒకటి నిలువు పలక కింద. ముళ్లు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. పై మెట్టు నుంచి కిందికి రండి. మీరు నిలబడే మెట్టు మీద ఇంకా కార్పెట్ ఉంటుంది, కాలికి ముల్లు తగలదు.

9. పిన్నులు, పొట్టు ఏరడం. పట్టీలన్నీ బయటికి పోయాక అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి గోడల వెంట లాగండి. గుడ్డ ఎందుకంటే, తర్వాత విప్పి దులిపితే మేకులన్నీ ఒకేసారి రాలతాయి, లేకపోతే ఒక్కోటీ పీకుతూ కూర్చోవాలి. ఆ తర్వాత మోకాళ్ల మీద కూర్చుని స్టేపుల్ పిన్నులు. స్క్రూడ్రైవర్ మొనతో ఒక కాలు లేపి, ప్లయర్‌తో లాగండి. విసుగు పుట్టించే పనే, దగ్గరి దారి లేదు. రాని పిన్నును సుత్తితో లోపలికి కొట్టేయవచ్చు, పైకి మొన కనబడకుండా ఉంటే చాలు. ఇదంతా అయ్యాకే వాక్యూమ్. ముందే పెడితే మేకులు లోపలికి పోయి గొట్టాన్ని చీరేస్తాయి.

10. గుంటలు పూడ్చడం. అన్నిటినీ పూడ్చనక్కర్లేదు, మీరు పైన ఏం వేస్తున్నారనేదాన్ని బట్టి ఉంటుంది. జిగురుతో అతికించే పలచని వినైల్ అయితే మేకు రంధ్రం కూడా కొన్నాళ్లకు పైకి అచ్చు పడుతుంది, ప్రతిదీ పూడ్చాలి. కింద ఫోమ్ షీటుతో వచ్చే లామినేట్ అయితే ఉత్త మేకు రంధ్రాలను వదిలేయవచ్చు, బిళ్లంత గుంటలు మాత్రం పూడ్చండి. టైల్స్ అయితే చిన్నవి టైల్ జిగురులోనే నిండిపోతాయి.

గచ్చు గుంట పూడ్చేటప్పుడు ముందు వదులుగా ఉన్న అంచులను ఉలితో తట్టి రాల్చండి. "ఊడకుండా ఉంది కదా" అని వదిలేసిన అంచు కొత్త పూతను కూడా తీసుకుని ఊడుతుంది. బ్రష్షుతో ధూళి పూర్తిగా తీయండి, సంచి మీద చెప్పినదాన్ని బట్టి తడపండి లేదా ప్రైమర్ రాయండి. నీళ్లు నిలవకూడదు. పొడిని గుప్పెడు గుప్పెడుగా కలుపుకోండి, త్వరగా గట్టిపడే రకం పది పదిహేను నిమిషాల్లో చేతికి రాకుండా పోతుంది. తాపీతో గట్టిగా అదిమి, పైన అడ్డంగా గీకి మట్టం చేయండి. అర అంగుళం మించి లోతుంటే రెండు విడతల్లో వేయండి.

గోడకు వాడే పుట్టీ మిగిలింది కదా అని నేల గుంటల్లో పెట్టొద్దు. గోడ పుట్టీ బరువు మోయడానికి చేసింది కాదు, ఫ్లోర్ కింద పొడి పొడిగా నలుగుతుంది. ఈ తప్పు చాలామంది చేస్తారు, బయటపడేది ఆరు నెలలకు.

చెక్క నేలలో రంధ్రాలకు వుడ్ ఫిల్లర్ చాలు. ఆ చెక్కనే పాలిష్ చేసుకోబోతుంటే ముందు శాండింగ్ చేసి, ఆ చెక్క రంగుకు సరిపోయే ఫిల్లర్ తీసుకోండి. తుప్పు పట్టిన మేకుల చుట్టూ నల్లటి మచ్చ శాండింగ్‌తో ఒక్కోసారి పోదు, లోపలిదాకా దిగి ఉంటుంది. అది గోడ పక్కనే ఉంటుంది కాబట్టి స్కర్టింగ్ కింద పెట్టే సన్నని చెక్క బీడింగ్‌తో కొంత దాగుతుంది.

పట్టీ చెప్పే సంగతి వినండి

తీసిన పట్టీలను పారేసే ముందు ఒకసారి వరసగా చూడండి. అన్ని గోడల పట్టీలూ బాగుండి, ఒక్క గోడ వైపువి మాత్రం తుప్పు పట్టి, చెక్క నల్లబడి, వేలితో నొక్కితే మెత్తగా ఉంటే, ఆ గోడలోంచో కింద నుంచో చెమ్మ వస్తోందని అర్థం. కిటికీ కారుతుండొచ్చు, బయట నేల ఎత్తు పెరిగి ఉండొచ్చు, పైపు కారుతుండొచ్చు. ఆ కారణం తేల్చకుండా పైన కొత్త ఫ్లోర్ వేస్తే మళ్లీ పీకాల్సి వస్తుంది, ఈసారి ముళ్ల పట్టీలు కాదు, ఫ్లోరే.

గచ్చు చెమ్మ చూడటానికి సులువైన పరీక్ష ఒకటుంది. 18 అంగుళాల చదరపు పారదర్శక ప్లాస్టిక్ షీటును నేల మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గాలి చొరకుండా అతికించండి. కనీసం 16 గంటలు ఉంచి తీసి చూడండి. షీటు లోపల నీటి బిందువులున్నా, కింద గచ్చు రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. పొడిగా కనిపించినంత మాత్రాన పూర్తి భరోసా కాదు, చెక్క ఫ్లోర్ వేస్తుంటే మీటరుతో కొలిపించుకోవడమే మంచిది.

ముల్లు గుచ్చుకుంటే

పారే నీళ్ల కింద సబ్బుతో బాగా కడగండి. మురికి ఇనుము లోతుగా దిగితే, టెటనస్ టీకా వేయించుకుని ఐదేళ్లు దాటితే, లేదా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే డాక్టర్‌ను కలవండి. పైకి చిన్న చుక్కలా కనిపించే గాయమే లోపల లోతుగా ఉంటుంది.

11. అయిందని ఎలా తెలుస్తుంది?

కంటితో చూస్తే తెలియదు. పగటి వెలుతురులో నున్నగా కనిపించే నేల మీద రాత్రి లైట్లు ఆర్పి, టార్చిని నేలకు ఆనించి అడ్డంగా వేయండి. నిలబడ్డ ప్రతి పిన్నూ పొడవాటి నీడ వేస్తుంది. ఆ నీడలను సుద్దముక్కతో చుట్టేసి ఒక్కొక్కటి తీయండి.

తర్వాత పుట్టీ బ్లేడును నేలకు ఆనించి గోడల వెంట, గోడకు అంగుళం నుంచి రెండంగుళాల దూరంలో తోసుకుంటూ వెళ్లండి. టిక్కుమన్న చోటల్లా ఇంకా ఏదో ఉంది.

మట్టం చూడటానికి వంకర లేని పొడవాటి కడ్డీని నేల మీద పెట్టి కింద సందు కొలవండి. లామినేట్, క్లిక్ వినైల్ చాలావాటికి పది అడుగుల్లో 3/16 అంగుళం, అంటే దాదాపు 5 మిల్లీమీటర్లు మించి ఎత్తుపల్లాలు ఉండొద్దంటారు. మీరు కొన్న పెట్టె మీద వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. పూడ్చిన చోట ఉబ్బుగా ఉంటే ఇప్పుడే రుద్దేయండి. చెక్క నేల మీద గదంతా నడిచి చూడండి, కిర్రుమనే చోట పలకను కింది దూలానికి స్క్రూతో బిగించడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. స్క్రూ పొడవు మాత్రం జాగ్రత్త, కింద పైపులు, తీగలు పోతుండొచ్చు.

చివరగా నేను చేసేది ఒకటుంది. పాత నైలాన్ సాక్సును మందపాటి గ్లౌజు మీద తొడుక్కుని గది చుట్టూ నేల మీద మెల్లగా రాస్తాను. కంటికి, టార్చికి, బ్లేడుకు దొరకని మొన కూడా సాక్సు దారాన్ని పట్టుకుంటుంది. మొన్న ఒక గదిలో అంతా అయిపోయిందనుకున్నాక ఈ సాక్సు ఏడు చోట్ల చిక్కుకుంది, అందులో మూడు గుమ్మం పక్కనే. సాక్సు ఎక్కడా చిక్కుకోకుండా బయలుదేరిన మూలకే తిరిగి వచ్చిందంటే కొత్త ఫ్లోర్ పెట్టెలు లోపలికి తెచ్చుకోవచ్చు.